బండ మీద సుద్దముక్క

ఎర్రగుంట్ల నుంచి ట్రాక్టర్లో వచ్చింది బండ.
ఆరడుగుల నల్లరాయి, ఒక మూల పెచ్చు లేచింది.
ఎవరో వంటింటి గట్టుకని కొలత ఇచ్చి
తీసుకుపోకుండా వదిలేసినదట.
"గరుకు పక్క కిందికి పెట్టుకోండి సార్" అన్నాడు డ్రైవరు.

నేను డ్రాయింగు మాస్టర్ని.
ఈ బడి గోడల మీద ఇరవై ఆరేళ్లుగా
చెట్లు పెంచమనీ చేతులు కడుక్కోమనీ రాస్తున్నాను.
యుద్ధానికి పోయినవాళ్ల పేర్లు రాయడం ఇదే మొదలు.
తెల్ల ఎనామిల్, మూడో నంబరు బ్రష్షు,
హెడ్మాస్టరు ఇచ్చిన జాబితా. పదిహేడు పేర్లు.

సిపాయి దూదేకుల పక్కీరప్ప, మెసపొటేమియా.
అంత దూరం బండ మీద పట్టలేదు,
చివరి అక్షరం పెచ్చులోకి జారింది.

నాయక్ బాలిరెడ్డి, డెబ్బై ఒకటి, తూర్పు సరిహద్దు.
ఈయన బతికే ఉన్నాడు.
నా వెనకే కుర్చీ వేయించుకుని కూచుని
"దీర్ఘం మరిచిపోవాకు నాయనా,
అది లేకపోతే నన్ను బలి ఇచ్చినట్టుంటాది" అన్నాడు.
తీశాను. కాస్త ఎక్కువే తీశాను.
యుద్ధం ఎట్లుండె పెద్దాయనా అంటే
నీళ్ల గురించి చెప్పాడు.
"యాడ చూసినా ఏర్లే. రొమ్ముల్దాకా నీళ్లల్లో నడస్తా
దీంట్లో ఒక్క పాయ మన సగిలేరుకు మళ్లితే సాలనుకున్యా.
తుపాకి తడవకుండా ఎత్తి పట్టుకోమంటిరి.
నాకేమో దోసిలి పట్టబుద్ధాయె."

పదిహేడో పేరు ఆరుతుండగా
వంటగదిలో నుంచి సంతోషమ్మ వచ్చింది,
మోచేతుల దాకా పప్పు పిండి.
"అయివోరా, మా జేజినాయన పేరు లేదే?"
అభిషేకం. చర్చి వీధి. బర్మా.
కంచరగాడిదలు తోలినాడు.

హెడ్మాస్టరు చెడ్డవాడు కాడు.
"తుపాకి పట్టినాడా అమ్మా?" అని మెల్లగానే అడిగాడు.
"పగ్గం పట్టినాడు సార్.
తుపాకులన్నీ ఆ గాడిదల మీదనే కదా పోయింది."
"కాగితం ఏమన్నా ఉందా?"
"చెదలు తినింది. దీన్ని తినలేకపాయ."

సత్తు గిన్నె.
అడుగున మేకుతో గీకిన అంకెలు, పక్కన ఒక సొట్ట.
అది మా అందరికీ తెలిసిన గిన్నే.
రోజూ పదకొండింటికి బియ్యం కొలిచేది దాంతోనే.
"ఈ పొద్దు పందొమ్మిది" అని ఆమె కేక వేస్తే
రిజిస్టరు తెరవకుండానే హాజరు తెలిసిపోయేది.

జాబితా మండలంలో సంతకమై వచ్చింది.
పద్దెనిమిదో పేరుకు బండ మీద చోటుంది,
బ్రష్షులో ఇంకా రంగుంది.
నాకు నాలుగేళ్ల సర్వీసుంది.
ధైర్యం చాలక జేబులోంచి సుద్దముక్క తీశాను.
కడప బండ నల్లబల్లకు చుట్టమే కదా,
అభిషేకం, గరుకు పక్కన, చిన్నగా.

ఆ రోజు తహశీల్దారు వచ్చాడు. బాలిరెడ్డికి శాలువా కప్పారు.
రెండు నిమిషాల మౌనం అన్నారు.
ఆరో తరగతి వరసలో ఎవరో నవ్వు బిగబట్టారు.
మౌనం సంగతి వంటగదికి ఎవరూ చెప్పలేదు.
పెద్ద డేకిసాలోకి గిన్నె తరవాత గిన్నె
బియ్యం పడుతున్న చప్పుడు.
తల వంచుకునే లెక్కబెట్టాను.
పక్కన పిల్లల పెదాలూ కదులుతున్నాయి.
ఇరవై ఒకటి దగ్గర ఆగింది.
అప్పటికి మౌనం ముగిసి ఎంతసేపైందో
తహశీల్దారు కూడా గమనించలేదు.

ఆ రాత్రి, మా వైపు ఎప్పుడో గాని పడని వాన పడింది.
పదిహేడు పేర్లు కడిగినట్టు మెరుస్తున్నాయి.
పెచ్చు పక్కన
కొత్త సుద్దతో, వంకర టింకరగా
అబిశేకం.

భకు వత్తు లేదు, ష మారిపోయింది.
తప్పులు దిద్దేది నా ఉద్యోగమే.
గంట కొట్టారు, తరగతికి పోయాను.